బిడ్డ పౌరసత్వపు దరఖాస్తు - తప్పుల దిద్దుబాటు

దరఖాస్తు కాగితములు పురుషుల వ్యవహారమనియు, వంటయింటికిని వానికిని సంబంధము లేదనియు ననుకొను కాలము గడచినది. మా మోతె సూర్యాపేటనుండి ఖమ్మమునకు బోవు బాటమీది యూరు. ఈ ప్రాంతమున, అటు కోదాడలోగాని యిటు మిర్యాలగూడలోగాని, కొడుకో కూతురో అల్లుడో కోడలో అమెరికాలో నుండని వీధి యరుదు. అక్కడ మనుమరాలు పుట్టినదన్న వార్త వచ్చిన కొన్నాళ్లకే ఫోనులో మరియొక మాట వినవచ్చును. "అమ్మా! ఇనుప పెట్టెలో నా పదవతరగతి కాగితమున్నది గదా. అందు నీ పేరును నాన్నగారి పేరును ఏ యక్షరములతో వ్రాసినారో చూచి చెప్పుము. మా పెండ్లి రిజిస్టరు కాగితమున్నచో పంపుము" అని కూతురడుగును. ఆ కాగితములను గుడ్డలో చుట్టి, కలరా ఉండలు వేసి దాచినది మనము. కావున వానిలోని తప్పులను ముందుగా చూడగలవారమును మనమే.

ఒక యక్షరము తప్పుపోయినంత మాత్రమున కొంప మునుగునా యని కొందరు నవ్వుదురు. మునిగిన కొంపలును గలవు. 1982లో మన దేశమునుండి మూడు నెలల పసికందు నొకతెను అమెరికాలోని యూటా రాష్ట్రపు స్త్రీ యొకతె దత్తత గొనెను. బాలిక కెనిమిదేండ్లు వచ్చునప్పటికి ఆ తల్లి వ్యాధితో మరణించెను. బిడ్డకొఱకు పౌరసత్వపు దరఖాస్తు పెట్టువా రెవ్వరును లేకపోయిరి. తరువాత 2000వ సంవత్సరమున అమెరికాలో బాలల పౌరసత్వ చట్టము పుట్టి 2001 ఫిబ్రవరి 27వ తేదిని అమలులోనికి వచ్చినది. ఆనాటికి పదునెనిమిదేండ్లు నిండని వారికే ఆ చట్టము వర్తించును. ఈ యమ్మాయికి పదునెనిమిది నిండి పదునొకండు నెలలు కావచ్చుచుండెను. యౌవనమున చేసిన నేరమునకు శిక్షపడిన పిమ్మట ఆమెను దేశము వెడలింపవలెనను వ్యవహారము మొదలుకాగా, ఆమె పౌరురాలు కాదని 2012లో అక్కడి పై న్యాయస్థానము తీర్పు చెప్పినది. భాష తెలియని, బంధువులు లేని జన్మభూమికి పొమ్మనుట యెట్టిదో తల్లులు ఊహింపవచ్చును. పదునొకండు నెలలు! తేదులనగా నంత బలము గలవి.

ఆ చట్టపు స్వరూపమును కొంచెము తెలిసికొందము. మన పిల్లలలో పెక్కురకు ఇదియే యాధారము. ఇక్కడ పుట్టి, తల్లిదండ్రులతో అక్కడికి పోయిన బిడ్డ శాశ్వత నివాసానుమతి పొంది, పౌరసత్వము గలిగిన తల్లియొద్దనో తండ్రియొద్దనో వారి పోషణలో నివసించుచు, పదునెనిమిదేండ్లు నిండకముందే యీ షరతులన్నియు కూడినచో, తనంతట తానే ఆ దేశపు పౌరుడగును. తండ్రిగాని తల్లిగాని పౌరసత్వ ప్రమాణము చేసిన నాడే బిడ్డకును అది సంక్రమించును. "ఎన్-600" అను దరఖాస్తు పౌరసత్వము నిమ్మని వేడుకొనుట కాదు; ఇదివరకే వచ్చినదానికి ధ్రువపత్ర మిమ్మని కోరుట. ఈ భేదము తెలిసిన తల్లికి సగము భయము తీరును. దరఖాస్తులో నొక తప్పు దొరలినంతనే బిడ్డ హక్కు హరించిపోదు. అయినను నిర్లక్ష్యము పనికిరాదు. ఏలయనగా, ఆ దరఖాస్తును ఒకసారి త్రోసివేసి, అప్పీలు గడువును దాటిపోయినచో మరల క్రొత్త దరఖాస్తును గైకొనరు. పాత వ్యవహారమునే తిరిగి విచారింపుమని వేరుగా కోరుకొనవలసినదే. తండ్రి ప్రమాణము చేసిన దినమునకు కుమారునికి పదునెనిమిది నిండినవా లేదా యను సందేహము జనన తేదిలోని తప్పువలన పుట్టెనా, ఇక ఆ కుటుంబమునకు నిద్ర యుండదు.

మన దేశపు చట్టము వేరు. 1955వ సంవత్సరపు పౌరసత్వ చట్టమే నేటికిని మూలము. విదేశములో 1992 డిసెంబరు 10వ తేదికి ముందు పుట్టిన బిడ్డకు తండ్రి భారతీయుడైననే ఈ పౌరసత్వము వచ్చెడిది. కన్నతల్లి భారతీయురాలయ్యు లెక్కకు రాకపోయెడిది. ఆ తేది మొదలు తల్లిదండ్రులలో నెవ్వరైనను చాలునని దిద్దినారు. నలువదేండ్లకు దగ్గరగా పట్టినది ఆ చిన్న దిద్దుబాటునకు! మన తెలుగువారు తోటల పనులకు పోయి స్థిరపడిన మలేషియాలో, విదేశమున ప్రసవించిన తల్లులకు ఇట్టి హక్కు నిచ్చు రాజ్యాంగ సవరణను పార్లమెంటు 2024లో గాని యంగీకరింపలేదు. తల్లిపేరు దరఖాస్తులో నొక గడిగా నుండుట వేరు, ఆ గడికి విలువ యుండుట వేరు.

2004 డిసెంబరు 3వ తేది తరువాత విదేశమున పుట్టిన బిడ్డ విషయమై మరియొక నియమము వచ్చినది. పుట్టిన యేడాదిలోగా ఆ దేశమునందలి మన రాయబార కార్యాలయమున జననమును నమోదు చేయింపవలెను. గడువు దాటినచో కేంద్ర ప్రభుత్వపు టనుమతి కావలెను. బిడ్డకు మరియొక దేశపు పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు వ్రాసి యీయవలెను. ఇచ్చటనే పలువురు కాలు జాఱుదురు. ప్రయాణపు తొందరలో తండ్రి అమెరికా పాస్‌పోర్టునకు పెట్టియుండును. తల్లి ఆ సంగతి యెఱుగక మన కార్యాలయపు పత్రమున లేదని వ్రాయును. ఆలుమగలు ఒకరితో నొకరు చెప్పుకొనకపోవుటచేత పుట్టిన తప్పు చట్టము దృష్టిలో అసత్య ప్రకటనమువలె కనబడును. ఎఱిగి యెఱిగి అసత్యము వ్రాసినవారికి అయిదేండ్లవరకు చెరసాలయో, యేబది వేల రూప్యములవరకు జుల్మానాయో, రెండునో ఆ చట్టమే విధించినది. అందుచేత సంతకమునకు ముందు ఆలుమగలిద్దరును ప్రక్కప్రక్కన కూర్చుండి ప్రతి గడిని చదువుకొనవలెను. ఇట్లు నమోదైన బిడ్డకు అక్కడి పౌరసత్వము కూడ నున్నచో, పదునెనిమిది నిండిన యారు నెలలలోగా దానిని వదలుకొనకున్న భారత పౌరసత్వము పోవును. ఈ సంగతి బిడ్డ చిన్నతనముననే యొక కాగితముపై వ్రాసి పెట్టెలో నుంచుడు; పదునెనిమిదేండ్ల తరువాత గుర్తుండునది కాదు.

పెక్కుమంది ఈ చిక్కు మాని, బిడ్డకు అమెరికా పాస్‌పోర్టు తీసి, విదేశీ భారత పౌరుల కార్డు తీసికొందురు. పేరులో పౌరుడనియున్నను అది పౌరసత్వము కాదు. ఓటు లేదు, పొలము కొనుటకు వీలులేదు. పాస్‌పోర్టులో పేరెట్లున్నదో ఆ కార్డులోను అట్లే యుండవలెను. కావున అక్కడి తప్పు ఇక్కడికిని ప్రాకును.

ఇక తప్పులు పుట్టు తావులను చూతము. నా యెఱుకలో తేదుల తప్పులు మూడువంతులు మన పద్ధతులనుండియే వచ్చినవి. మన పంచాంగమున దినము సూర్యోదయముతో మొదలగును; ప్రభుత్వపు దినము అర్ధరాత్రితో మొదలగును. శుక్రవారము రాత్రి గడచి తెల్లవారుజామున మూడు గంటలకు పుట్టిన బిడ్డను అమ్మమ్మ శుక్రవారపు బిడ్డ యనును. ఆసుపత్రివారు శనివారపు తేది వేయుదురు. ఇరువురిలో నెవ్వరును అసత్యమాడలేదు. జాతకచక్రము చూచి బడిలో తేది చెప్పినవారు ఒకటి వ్రాయింపగా, పంచాయతీ పుస్తకమున మరియొకటి నిలుచును. పదునైదేండ్ల తరువాత రెండు కాగితములును ఒక అధికారి బల్లపై ప్రక్కప్రక్కన చేరినప్పుడు ఈ వివరమంతయు చెప్పు పంచాంగకర్త అక్కడ నుండడు. అమెరికాలో పుట్టిన బిడ్డ విషయమున ఇంకొక వింత కలదు. చలికాలమున డాలసునగరములో శుక్రవారము మధ్యాహ్నము మూడు గంటలైనప్పుడు మనకు శనివారము తెల్లవారుజామున రెండున్నర. మనకు వార్త శనివారమే చేరును, శనివారమే మనము బూరెలు వండుదుము; తేది మాత్రము పుట్టిన చోటిదే. పుట్టినరోజు పండుగ మీరెప్పుడు చేసికొన్నను చేసికొనుడు, కాగితమున మాత్రము ఆసుపత్రి తేది తప్ప వేరొకటి చేరనీయకుడు.

బడి సంగతి బడిపంతులు ఇల్లాలిగా నాకు తెలియును. పూర్వము తేది తెలియని పిల్లలను చేర్చుకొనునప్పుడు, వయస్సు నియమమునకు సరిపోవునట్లు జూన్ మాసములోని యేదో తేదిని వేసెడివారు. బడులు తెఱచుట జూన్‌లో గదా! పాత చేరిక పుస్తకములు తిప్పి చూచినచో ఊరి పిల్లలలో పెక్కురు జూన్‌లోనే జన్మించినట్లుండును. ఆ తేదియే పదవతరగతి కాగితమున కెక్కి, అచ్చటనుండి పాస్‌పోర్టునకు, అచ్చటనుండి సముద్రములు దాటి పోయినది. ఆ తండ్రి నేడు బిడ్డ దరఖాస్తులో తన తేదిని వ్రాయునప్పుడు, తల్లి చెప్పిన నిజమైన తేదిని వ్రాయవలెనా, కాగితములలోని తేదిని వ్రాయవలెనా? కాగితములన్నియు ఒకే మాట చెప్పుచుండగా ఇప్పుడు మరియొక తేదిని కలిపినచో రెండు మనుష్యులు తయారగుదురు. నిజముగా దిద్దుకొనవలెనన్నచో మూలమునుండి క్రమముగా దిద్దుకొని రావలెను. నడుమ నొక దరఖాస్తులో దిద్దుట దిద్దుబాటు కాదు.

ఇంకొకటి మఱి చిన్నది, మఱి తఱచైనది. మనము దినము, మాసము, సంవత్సరము అను వరుసను వ్రాయుదుము. అమెరికావారు మాసమును ముందు వ్రాయుదురు. జూలై 4 మన వ్రాతలో 04/07 అగును, వారు దానిని ఏప్రిల్ 7 అని చదువుదురు. తేది పన్నెండుకు మించినచో తప్పు తనంతట బయటపడును; పన్నెండులోపు పుట్టిన బిడ్డలకే గండము. మాసమును అంకెతో గాక అక్షరములతో వ్రాయుడని మన పిల్లలకు చెప్పవలెను. తాతముత్తాతల కాగితములు కావలసివచ్చినప్పుడు ఫసలీ లెక్క యెదురగును. నిజాము రాజ్యమున సంవత్సరము అక్టోబరులో ఆజూరు మాసముతో మొదలగునది. 1355 ఫసలీ యనగా 1945 అక్టోబరు మొదలు మరుసటి శరత్తువరకు. కేవలము 590 కలిపి సరిపెట్టినచో ఒక యేడు తేడా వచ్చునని మఱువరాదు.

పేర్ల విషయము వ్రాసిన నొక గ్రంథమగును. మనకు ఇంటిపేరు ముందు, పిలుచు పేరు తరువాత. దొరల దరఖాస్తులో పిలుచు పేరు ముందు, ఇంటిపేరు తరువాత. మన పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిని ఖాళీగా వదలి, పేరంతయు ఒకే గడిలో వ్రాసినవారికి అమెరికా వీసాలో "ఎఫ్ ఎన్ యు" అని వచ్చును. మొదటి పేరు తెలియదని దాని యర్థము. పేరులేని మనిషియై సముద్రము దాటినవారెందరో! ఆ మూడక్షరములే పేరనుకొని అక్కడి కాగితములలో అట్లే యెక్కినచో, తరువాత బిడ్డ దరఖాస్తులో తండ్రి పేరు పాస్‌పోర్టులో నొకటి, అక్కడి పత్రములలో నొకటి యగును. అక్షరముల తంటా వేరు. "క్ష" అను నొక యక్షరమునకు కొందరు కె, ఎస్, హెచ్ అని మూడక్షరములు వ్రాయుదురు. మన తెలంగాణమున పలువురు ఎక్స్ అను నొక్క యక్షరముతో ముగింతురు. "త"కు కొందరు టి చాలునందురు, కొందరు హెచ్ కూడ చేర్తురు. తల్లి పేరు లక్ష్మియైనచో బిడ్డల కాగితములలో ఆమె రెండు రూపములతో వెలయుట తప్పదు. ఉచ్చారణ కేది సరియని వాదింపకుడు. పాస్‌పోర్టులో నున్నదే నేడు సరి.

ఇందు స్త్రీలకు ప్రత్యేకమైన చిక్కొకటి గలదు. పెండ్లియైన పిదప కొందరు పుట్టింటి పేరుతోనే యుందురు, కొందరు అత్తవారి యింటిపేరును చేర్చుకొందురు. అమెరికాలో బిడ్డ జనన పత్రమున తల్లికి వివాహమునకు పూర్వమున్న పేరును వ్రాయు నాచారమున్నది. ఆమె పాస్‌పోర్టు మాత్రము భర్త యింటిపేరుతో నుండవచ్చును. చూచువారికి బిడ్డకు తల్లులిద్దరు! ఇది తప్పు కాదు, దిద్దవలసినదియు లేదు. రెండు పేర్లను కలుపు వివాహ ధ్రువపత్రమొకటి చాలును. కాని ఆ పత్రమెక్కడ? ఉమ్మడి రాష్ట్రమున 2002లో వివాహములను తప్పక నమోదు చేయవలెనని చట్టము చేసినను, పెండ్లి పందిరిలో ఆ పని జ్ఞాపకముండునది యెందరికి? శుభలేఖ భద్రము, ఛాయాపటముల పుస్తకము భద్రము, నమోదు పత్రము శూన్యము. కూతురు విమానమెక్కకముందే దానిని చేయింపుడు. భర్త తోడులేని తల్లులకొక మాట: 2016 డిసెంబరులో మన పాస్‌పోర్టు నియమములు సడలినవి. తల్లిదండ్రులలో నొకరి పేరు చాలును.

మన యింట ఇరువదియొకటవ నాడు బారసాల. మన జనన మరణ నమోదు చట్టమున కూడ జననమును తెలుపు గడువు ఇరువదియొక్క దినములే యగుట నాకెప్పుడును ముచ్చటగా తోచును. ఆసుపత్రివారు తెలిపినప్పుడు బిడ్డకు పేరుండదు. పేరు గడి ఖాళీగా నుండును. పండ్రెండు నెలలలోగా రుసుము లేకయే పేరును చేర్పింపవచ్చును. పదునైదేండ్లవరకు ఆలస్యపు రుసుముతో చేర్పింపవచ్చును. అమెరికాలో ఆసుపత్రి విడుచునప్పటికే పేరడుగుదురు. ఇక్కడ తాతగారు నక్షత్రము చూచి అక్షరము పంపులోపల అక్కడ అల్లుడేదో వ్రాసి యిచ్చును. ఆ పేరుతో పత్రము వచ్చిన పిదప బారసాల పేరు నెక్కడను కాగితముల కెక్కనీయక, ఇంటిలో పిలుచుకొనుటకు మాత్రముంచుకొనుట మేలు.

ఊరి పేరులోను చిక్కున్నది. మోతెలో ఒకే యింట పుట్టిన మూడు తరముల స్త్రీలను తలచుకొనుడు. అవ్వ 1950లో పుట్టినచో ఆమె జన్మస్థానము హైదరాబాదు రాష్ట్రము, నల్లగొండ జిల్లా. కూతురు 1980లో పుట్టినచో ఆంధ్రప్రదేశము, నల్లగొండ జిల్లా. మనుమరాలు 2017లో పుట్టినచో తెలంగాణము, సూర్యాపేట జిల్లా. 1956 నవంబరు 1, 2014 జూన్ 2, 2016 అక్టోబరు 11 - ఈ మూడు తేదులు తెలియనివానికి ఆ మూడు కాగితములును ఒకదానినొకటి ఖండించుచున్నట్లుండును. ఇల్లు కదలలేదు, రాష్ట్రములు కదలినవి. పాత పత్రములో ఆంధ్రప్రదేశమని యున్నచో అది పొరపాటు కాదు. దానిని కొట్టివేయింపబోక, జిల్లా యెప్పుడేర్పడినదో తెలుపు నొక చిన్న వివరణను జతచేసిన చాలును.

తప్పు నిజముగా తప్పేయైనచో ఏమి చేయవలెను? ముందు మూలము, తరువాత కొమ్మలు. జనన పత్రమున తప్పుండగా పాస్‌పోర్టును దిద్దించుట వేరు తడుపక ఆకులకు నీరు చల్లుట. పల్లెలలో పంచాయతీ కార్యదర్శియొద్ద నమోదు పుస్తకముండును. దరఖాస్తు మీసేవ ద్వారమునను పోవును. ఆ 1969వ సంవత్సరపు చట్టములో దిద్దుబాటు పద్ధతి చెప్పిన తీరు నాకు మిక్కిలి నచ్చినది. మొదట వ్రాసినదానిని చెఱపరాదు, మార్పరాదు. అంచున సరియైన సంగతిని వ్రాసి, దిద్దిన తేది వేసి, అధికారి సంతకము చేయవలెను. తాళపత్రములు వ్రాసిన మన పూర్వులు విడిచిన యక్షరమునకు హంసపాదు పెట్టి అంచున వ్రాసెడివారు గదా, అదియే న్యాయము. పాత వ్రాత కనబడుచుండును, క్రొత్త వ్రాతయు కనబడును, దాపరికము లేదు. ఇంటిలో బ్లేడుతో గీకి, తెల్ల రంగు పూసి దిద్దుకొన్న కాగితము ఎంత సత్యము చెప్పినను దొంగకాగితమే. అట్లు చేయుటకంటె తప్పుతోనే యుంచుట మేలు. 2023 అక్టోబరు 1వ తేదినుండి పుట్టిన పిల్లలకు బడి చేరిక మొదలు పాస్‌పోర్టువరకు జనన పత్రమొక్కటే ఆధారముగా నుండునట్లు ఆ చట్టమును సవరించిరి. ఇప్పటి పసిపిల్లల పత్రములను ఇంటికి తెచ్చిన నాడే అక్షరమక్షరము చదువుట అందుచేత మఱింత యవసరము.

అమెరికాలో పుట్టినవారి జనన పత్రమును దిద్దవలసినది ఆ బిడ్డ పుట్టిన రాష్ట్రపు జనన నమోదు శాఖ. పౌరసత్వపు దరఖాస్తులో తప్పు దొరలినచో అది యే దశలో నున్నదో చూడవలెను. పంపిన వెంటనే ముట్టినట్లు రసీదు వచ్చును. దానిని సొరుగులో పడవేయక పేరును, తేదిని సరిచూడవలెను. అచ్చుతప్పున్నచో ఆ శాఖకు తెలుపు మార్గము కలదు. తప్పు మనదేయైనచో రసీదు సంఖ్యను పేర్కొని, ఏ గడిలో నేమి వ్రాసినామో, ఏమి వ్రాయవలసియుండెనో సూటిగా తెలిపి, ఆధారపు పత్రపు ప్రతిని జతపఱచి వ్రాయవలెను. ఎందుచేత తప్పుపోయినదో ఒక వాక్యము చాలును. క్షమాపణల పురాణ మక్కఱలేదు. విచారణకు పిలిచినచో అధికారి దిద్దుబాట్లకు వరుస సంఖ్యలు వేసి, దరఖాస్తుదారుని కోరికపై దిద్దినట్లు ప్రమాణముతో సంతకము చేయించును. ఆ దినమున ధైర్యముగా నోరు విప్పవలెను. అడుగలేదు గదా యని యూరకుండుట వివేకము కాదు. ధ్రువపత్రము చేతికి వచ్చిన పిదప తప్పు కనబడినచో "ఎన్-565" అను వేఱొక దరఖాస్తు గలదు. తప్పు ఆ శాఖదేయైనచో రుసుము లేదు.

ఒక్కచోట మాత్రము తలుపు మూసికొనును. తండ్రిగాని తల్లిగాని పౌరసత్వము పొందునప్పుడు తప్పు తేదిని తమదని ప్రమాణము చేసి, ఆ తేదితోనే స్వదేశీకరణ పత్రమును పొందినచో, తరువాత ఆ శాఖవారు దానిని మార్పరు. జూన్ తేదుల వారందఱును ప్రమాణమునకు ముందే ఆలోచించుకొనవలసిన సంగతి యిది. తల్లిదండ్రుల పత్రమును ఆధారముగా చేసికొనియే బిడ్డ దరఖాస్తు నడచును గదా.

మన యూళ్ల పాత పత్రములు తెలుగున నుండును. వానికి ఆంగ్లానువాదము జతచేసి, అనువాదము సంపూర్ణమనియు, సరియైనదనియు, రెండు భాషలును తనకు వచ్చుననియు అనువాదకుడు వ్రాసి సంతకము చేయవలెను. ఇట్టి పనికై పంతుళ్ల యిండ్లకు జనులు వచ్చుచుందురు. వచ్చినవారు మెల్లగా, "అయ్యా, తెలుగులో తప్పు పడినది, ఇంగ్లీషులోనైన సరిగా వేయుడు" అని బ్రతిమాలుదురు. జాలికి లొంగరాదు. తెలుగున తప్పున్నచో ఇంగ్లీషునను అదే తప్పు ఉండవలెను. అనువాదమున దిద్దినది దిద్దుబాటు కాదు, కూట సాక్ష్యము. పట్టుబడినప్పుడు చిక్కునది అనువాదకుడొక్కడే కాదు, ఆ బిడ్డయును.

తుదకు సాక్ష్యముల సంగతి. కొందఱి జననము ఏ పుస్తకముననుండదు. అప్పుడు నమోదు లేదను పత్రమును అధికారులయొద్ద తీసికొని, పుట్టుక నెఱిగిన పెద్దలచేత ప్రమాణపత్రములు వ్రాయింతురు. ఆ పెద్దలెవ్వరు? పురుడు పోసిన అమ్మమ్మ, పొత్తిళ్లలో నెత్తుకొన్న మేనత్త. సూర్యాపేటలో నెవరో ఇంగ్లీషున కొట్టించి తెచ్చిన కాగితమును ముందుంచి, "ఇక్కడ సంతకము పెట్టు అవ్వా" అందురు. పెట్టకుడు. ప్రతి వాక్యమును తెలుగున చదివించుకొనుడు. మీకు తెలిసినదే అందుండవలెను: బిడ్డకు మీరేమగుదురు, ఆనాడు మీరెక్కడ నుంటిరి, ఆ తేది మీకెట్లు జ్ఞాపకమున్నది. పండుగ మరునాడనియో, నాట్లు వేయుచుండగాననియో మీకు గుర్తున్నచో ఆ మాటనే వ్రాయింపుడు. తెల్లవారుజామున పుట్టినచో కోడి కూయకముందా, కూసిన తరువాతనా చెప్పుడు, తేదిని వారు లెక్కించుకొందురు. తెలియని తేదిని తెలుసునని వ్రాసియున్నచో ఆ వాక్యమును కొట్టివేయించి, శుభ్రముగా మరల వ్రాయించి తెమ్మనుడు. ఒక ప్రతిని మీ పెట్టెలో నుంచుకొనుడు.